ట్రాక్టరుకు తగిన తొట్టి, తొట్టికి తగిన బరువు



ట్రాక్టరు కొనేటప్పుడు మనం చాలా ప్రశ్నలు వేస్తాం. ఎన్ని అశ్వశక్తుల ఇంజను? గంటకు డీజిల్ ఎంత తాగుతుంది? నాగలి ఎంత లోతు దింపుతుంది? ఇవన్నీ అడగవలసిన ప్రశ్నలే. కాని దాని వెనుక తగిలించే తొట్టి విషయం వచ్చేసరికి ఒక్కటే ప్రశ్న మిగులుతుంది: "ఎంత లాగుతుంది?" ఈ ప్రశ్న తప్పు కాదుగాని, సగం ప్రశ్న. రెండో సగం ఏమిటంటే, "ఎంత ఆపగలదు?" ఈనాడు ఆ రెండో సగాన్ని గురించి మీతో ముచ్చటించదలిచాను. ట్రక్కు అనండి, ట్రెయిలరు అనండి, తొట్టి అనండి, మాట ఏదైనా వస్తువు ఒకటే. నేను తొట్టి అనే అంటాను.

మన విశాఖపట్నం, అనకాపల్లి ప్రాంతాలలో తొట్టికి పని లేని రోజు లేదు. చెరకు గానుగ దగ్గరకు, బెల్లం దిమ్మలు అనకాపల్లి మార్కెట్టుకు, ధాన్యం మిల్లుకు, ఇసుకా ఇటుకా ఇల్లు కట్టేచోటికి, ఇనుప చువ్వలు గాజువాక నుంచి పల్లెకు - అన్నీ తొట్టి మీదనే. పైగా మనది బల్లపరుపు నేల కాదు. తూర్పు కనుమలు సముద్రం దాకా వచ్చి నిలబడిన సీమ. సింహాచలం కొండ చుట్టుపక్కల ఎత్తుపల్లాలు, శృంగవరపుకోట దాటితే అనంతగిరి ఘాటు, మాడుగుల దాటితే పాడేరు ఘాటు. ఎక్కవలసిన చోట్లు ఎన్నో, దిగవలసిన చోట్లూ అన్నే.

మన పెద్దలు ఈ సంగతి ఎద్దుబండితోనే నేర్చుకున్నారు. జత ఎద్దుల సత్తువ చూసి బండి కట్టేవారు, బండిని చూసి బస్తాలు వేసేవారు. దిగుడు వచ్చినప్పుడు, బండి ఎద్దుల మీదకు తోసుకురాకుండా చక్రానికి ఆపు పెట్టి, నెమ్మదిగా దింపేవారు. ఎద్దు లాగలేకపోతే నిలబడిపోతుంది. అది పెద్ద ప్రమాదం కాదు. ఎద్దు ఆపలేకపోతేనే ప్రమాదం. ట్రాక్టరు వచ్చాక లాగే బలం పదింతలు పెరిగింది. ఆపే బలం ఆ లెక్కన పెరగలేదు. చిక్కంతా ఇక్కడే ఉన్నది.

ఇది మాటలతో తేలదు, చిన్న లెక్క చూద్దాం. మీ దగ్గర 40 అశ్వశక్తుల ట్రాక్టరు ఉన్నదనుకోండి. వట్టి ట్రాక్టరు బరువు సుమారు 2 టన్నులు, అంటే 2,000 కిలోలు. ఇందులో 1,300 కిలోల దాకా వెనుక చక్రాల మీద పడుతుంది. లాగేవి వెనుక చక్రాలే. మామూలు ట్రాక్టర్లలో బ్రేకు పడేదీ వెనుక చక్రాలకే. కాబట్టి లాగినా ఆపినా, ఆ 1,300 కిలోల బరువు నేలను ఎంత గట్టిగా పట్టుకుంటే అంతే మన బలం. ఎండిన తారురోడ్డు మీద ఆ పట్టు బరువులో పదింట ఏడు వంతులుంటుంది. అంటే సుమారు 900 కిలోలు. తడిసిన రోడ్డు మీద పదింట నాలుగు వంతులకు పడిపోవచ్చును. అంటే 520 కిలోలే. ఇంజను 40 అశ్వశక్తులైనా, 60 అశ్వశక్తులైనా, చక్రం కింద పట్టు లేకపోతే ఆ శక్తి అంతా చక్రం గిర్రున తిరగడానికే పోతుంది.

ఇప్పుడు దీని వెనుక సరుకుతో కలిపి 6 టన్నుల తొట్టి తగిలించారు. మొత్తం 8 టన్నులు. మంచి తారురోడ్డు మీద గాలి టైర్ల బండిని కదిలిస్తూ ఉండడానికి బరువులో నూటికి రెండు వంతుల లాగుడు చాలు. 8 టన్నులకు 160 కిలోలు. ఇంత తేలికగా లాగుతుంది గనుకనే "ఇంకో 20 బస్తాలు వేసినా పరవాలేదు" అనిపిస్తుంది. ఇక 20 అడుగులు నడిస్తే 1 అడుగు లేచే ఎత్తు వచ్చిందనుకోండి. బరువులో ఇరవయ్యో వంతు, అంటే మరో 400 కిలోలు కలుస్తుంది. మొత్తం 560 కిలోల లాగుడు కావాలి. ఎండిన రోడ్డు మీద మన పట్టు 900 కిలోలు గనుక, చిన్న గేరులో ట్రాక్టరు ఎక్కేస్తుంది. డ్రైవరుకు ధైర్యం వస్తుంది. "చూశారా, మన బండి 6 టన్నులు ఎక్కించింది" అంటాడు.

ఎక్కిన బండి అవతల దిగాలి కదా! తొట్టికి బ్రేకు లేదనుకోండి. మన ఊళ్ళలో చాలా తొట్లు అట్లాంటివే. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోతున్నారు. ఎదురుగా గేదె అడ్డం వచ్చింది. బ్రేకు తొక్కిన క్షణం నుంచి బండి ఎంత దూరంలో ఆగుతుందో ఉజ్జాయింపుగా లెక్క కడితే ఇట్లా వస్తుంది.

తొట్టి 3 టన్నులు, ఎండిన సమనేల రోడ్డు: సుమారు 30 అడుగులు.
తొట్టి 6 టన్నులు, అదే రోడ్డు: సుమారు 45 అడుగులు.
తొట్టి 6 టన్నులు, 20కి 1 దిగుడు, ఎండిన రోడ్డు: సుమారు 80 అడుగులు.
తొట్టి 6 టన్నులు, అదే దిగుడు, వాన పడిన రోడ్డు: 300 అడుగులు దాటిపోతుంది.

డ్రైవరు గేదెను చూసి కాలు పెడలు మీద పెట్టేలోగా, ఒక్క సెకనులో, మరో 18 అడుగులు పోతుంది. అది ఈ లెక్కలో కలపలేదు. దిగుడు 15 అడుగులకు 1 అడుగు ఉన్నదంటే, తడిరోడ్డు మీద ఆ బండి ఇక ఆగనే ఆగదు. చక్రాలు బిగిసిపోయి జారుతూనే ఉంటాయి. వెనుక ఉన్న 6 టన్నులూ 2 టన్నుల ట్రాక్టరును ముందుకు తోస్తాయి. మలుపు దగ్గర తిన్నగా తొయ్యవు, పక్కకు తోసి ట్రాక్టరును మడిచేస్తాయి. ఇంజను బాగున్నది, బ్రేకు బాగున్నది, డ్రైవరు నేర్పరే. అయినా బండి తిరగబడింది. దోషం జతలో ఉన్నది.

ఇంకొక సంగతి గమనించండి. వేగం రెట్టింపైతే ఆగే దూరం నాలుగింతలవుతుంది. 20 కిలోమీటర్ల వేగంలో 45 అడుగులలో ఆగేది 40 కిలోమీటర్ల వేగంలో 180 అడుగులు కోరుతుంది.

ఈ పాఠం మన కళ్ళెదుటే రోజూ నడుస్తున్నది. బైలదిల్లా గనుల నుంచి ఇనుప ఖనిజం కిరండూల్-కొత్తవలస రైలుమార్గం మీద అరకు కొండలు దాటి విశాఖపట్నానికి వస్తుంది. 1960ల దశకంలో వేసిన మార్గమది. అందులోని శిమిలిగూడ స్టేషను సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉన్నది. నిండు పెట్టెలు కొండ దిగుతాయి, ఖాళీ పెట్టెలు కొండ ఎక్కుతాయి. ఎక్కేటప్పుడు తేలిక, దిగేటప్పుడు బరువు. అక్కడి వారు ఇంజన్లను జతకూర్చేటప్పుడు ఎంత లాగగలమనే లెక్కతోపాటు, ఎంత పట్టి ఉంచగలమనే లెక్కనూ చూస్తారు. అంతటితో ఆగరు. ప్రతి పెట్టెకూ దాని బ్రేకు దానికుంటుంది. ఇంజను నుంచి చివరి పెట్టె దాకా గాలి గొట్టం నడుస్తుంది. ఆ గొట్టం ఎక్కడ తెగినా బండి మొత్తానికి బ్రేకు పడుతుంది. వేల టన్నుల బండి కొండ దిగివస్తున్నదంటే దాని మహిమ ఇది. మన తొట్టికి మటుకు బ్రేకు అక్కరలేదని మనం ఎట్లా అనుకుంటాం?

విశాఖ ఓడరేవులోనూ ఇదే నీతి. 1933లో ఆ రేవు తెరిచారు. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్క ఇరుకు కాలువలోంచి పెద్ద ఓడను లోపలికి తెచ్చేటప్పుడు టగ్గు పడవలు సాయం వస్తాయి. టగ్గు పని ముందుకు లాగడమొక్కటే కాదు. ఓడ వేగం మీరకుండా పట్టి ఉంచడం కూడా దాని పనే.

విదేశాలలో కుటుంబాలు సెలవులకు పోయేటప్పుడు కారు వెనుక చక్రాల ఇల్లు ఒకటి తగిలించుకుని పోతారు. ఇంగ్లండులో అట్టివారికి చెప్పే సలహా ఏమిటంటే, సామానుతో సహా ఆ ఇంటి బరువు కారు బరువులో నూటికి 85 వంతులు మించకుండా ఉంటే మంచిదని. లాగేదానికన్నా లాగబడేది తేలికగా ఉండాలన్నమాట. ట్రాక్టరు నెమ్మదిగా పోయే బండి గనుక దానికి కొంత సడలింపు ఉన్నది. పెద్ద ట్రాక్టరు కంపెనీల పుస్తకాలలో కనిపించే సూత్రం ఇది: బ్రేకు లేని తొట్టి, సరుకుతో కలిపి, ట్రాక్టరు బరువుకు ఒకటిన్నర రెట్లు మించరాదు. వేగం గంటకు 32 కిలోమీటర్లు దాటరాదు. మన గతుకుల రోడ్లకు, దిగుళ్ళకు ఆ వేగం కూడా ఎక్కువే. 20 లోపల పోవడం మేలు.

ఒకటిన్నర రెట్లు అంటే ఎంత? 2 టన్నుల ట్రాక్టరుకు 3 టన్నులు. ఇందులో వట్టి తొట్టి బరువే 1,200 కిలోలనుకోండి. సరుకుకు మిగిలేది 1,800 కిలోలు. అంటే 75 కిలోల ధాన్యం బస్తాలు 24. పదిహేను కిలోల బెల్లం దిమ్మలైతే 120. "ఇంతేనా?" అని మీరనవచ్చు. బ్రేకు లేని తొట్టికి ఇంతే. అంతకన్నా ఎక్కువ వెయ్యాలంటే తొట్టికి బ్రేకు పెట్టించండి. తొట్టి ముందుకు తోసినప్పుడు ఆ తోపుడుతోనే పడే బ్రేకులున్నాయి, ట్రాక్టరు మీది నుంచి డ్రైవరు వేసే బ్రేకులున్నాయి. బ్రేకున్న తొట్టికి హద్దు ఎంతో తెలియాలంటే మూడు చోట్ల చూడాలి: ట్రాక్టరు పుస్తకం, తొట్టి మీద కొట్టిన పలక, ఆర్.సి.లో వ్రాసిన బరువు. మూడింటిలో ఏది తక్కువైతే అదే మీ హద్దు.

ఇక బరువు తెలుసుకోవడం. కంటితో బరువు తెలియదు. 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు తొట్టి తీసుకోండి. 120 ఘనపుటడుగులు పడుతుంది. అంచుల దాకా వడ్లు పోస్తే సుమారు 2 టన్నులు. అదే తొట్టిలో పొడి ఇసుక పోస్తే సుమారు 5 టన్నుల 400 కిలోలు. తడి ఇసుక అయితే ఆరున్నర టన్నుల దాకా పోతుంది. చూడడానికి మూడూ ఒకటే తొట్టి, ఒకటే నింపుడు. ఇనుప చువ్వలు ఇంకా మాయ చేస్తాయి. 5 టన్నుల చువ్వలు వేసినా తొట్టి అడుగున ఒక వరుస పరచినట్లే ఉంటుంది. "తొట్టి ఖాళీగానే ఉందిగదా" అని మరికొంత వేస్తారు. ఇటుకలైతే 3 కిలోలవి వెయ్యి వేస్తే 3 టన్నులు. గడ్డి సంగతి వేరు. బరువు తక్కువే, కాని ఎత్తు ఎక్కువ. ఒక చక్రం గోతిలో పడితే మోపు మోపంతా పక్కకు ఒరిగిపోతుంది. గడ్డిని వెడల్పుగా వేసి, తాళ్ళతో బిగించి, ఎత్తు తగ్గించాలి.

కాబట్టి సంవత్సరానికి ఒకసారైనా వేబ్రిడ్జి కాటా దగ్గరకు పొండి. మొదట వట్టి ట్రాక్టరును తూయించండి. తరువాత వట్టి తొట్టితో, ఆ తరువాత మీరు మామూలుగా వేసే సరుకుతో తూయించండి. ఈ మూడు అంకెలూ తొట్టి పక్కపలక మీద రంగుతో వ్రాయించుకోండి. నాలుగో తూకం కూడా ఒకటున్నది. సరుకు తొట్టి తగిలించి ఉండగా ట్రాక్టరు ముందు చక్రాలను మాత్రమే కాటా మీదకు ఎక్కించి చూడండి. వట్టి ట్రాక్టరు బరువులో కనీసం అయిదో వంతు, 2 టన్నుల ట్రాక్టరుకు 400 కిలోలు, ముందు చక్రాల మీద ఉండాలి. అంతకన్నా తగ్గితే స్టీరింగు తిప్పినా బండి తిరగదు. ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు గాలిలోకి లేస్తాయి.

సరుకు సర్దడంలో కూడా ఎద్దుబండి నీతే పనిచేస్తుంది. ముందు బరువు ఎక్కువైతే ఎద్దుల మెడ వంగిపోయేది. వెనుక బరువైతే కాడి పైకి లేచి, మెడ తాళ్ళు గొంతుకు బిగుసుకునేవి. రెండు చక్రాల తొట్టికీ అంతే. మొత్తం బరువులో సుమారు పదో వంతు ట్రాక్టరు కొక్కెం మీద ఆనేటట్లు సర్దండి. అప్పుడు ట్రాక్టరు వెనుక చక్రాలకు పట్టు పెరుగుతుంది. సరుకంతా వెనక్కి వేస్తే కొక్కెం పైకి లేస్తుంది, చక్రాలకు పట్టు పోతుంది, తొట్టి పాములాగా ఊగుతుంది. సరుకంతా ముందుకు తోస్తే ఇందాక చెప్పిన ముందు చక్రాల ప్రమాదం. నాలుగు చక్రాల తొట్టి తన బరువు తానే మోసుకుంటుంది. అది ట్రాక్టరుకు పట్టు ఇవ్వదు. అందుకని దానికి బ్రేకు మరీ అవసరం.

తొట్టిని ఎప్పుడూ కింద ఉండే డ్రాబారుకే తగిలించాలి. ఎత్తున, పై లింకు దగ్గర తగిలించి లాగితే ట్రాక్టరు ముందు భాగం లేచి వెనక్కి తిరగబడుతుంది. పిన్ను దాని కన్నానికి సరిపడేదై ఉండాలి, కింద క్లిప్పు పెట్టాలి. పిన్ను బదులు చువ్వ ముక్క, బోల్టు పెట్టడం పనికిరాదు. పిన్ను తప్పినా తొట్టి విడిపోకుండా గొలుసు ఒకటి కట్టండి. దుక్కికోసం చక్రాలకు పెట్టిన బరువులు, టైర్లలో పోసిన నీరు ఉంటే బండి తోలేటప్పుడు తీసివేయవద్దు. అవి పట్టు పెంచుతాయి.

మడిలోంచి సరుకు తెచ్చేటప్పుడు మరో జాగ్రత్త. తారురోడ్డు మీద నూటికి 2 వంతులున్న లాగుడు, మెత్తని నేలలో నూటికి 10, 15 వంతులవుతుంది. పట్టేమో సగానికి పడిపోతుంది. అందువల్ల పొలంలో సగం తొట్టి నింపి గట్టుకు తెచ్చి, మిగతాది అక్కడ వేసుకోండి. దిగబడిన బండిని ఇంజను అరిపించి లాగబోతే క్లచ్చు కాలుతుంది, ముందు చక్రాలు లేస్తాయి.

ఇక డ్రైవరుకు నాలుగు మాటలు. దుక్కిలో ఎడమ బ్రేకు, కుడి బ్రేకు విడివిడిగా వాడతాం. రోడ్డెక్కే ముందు ఆ రెండు పెడళ్ళనూ కలిపి గడియ వెయ్యాలి. లేకపోతే ఒక చక్రానికే బ్రేకు పడి బండి గిర్రున తిరుగుతుంది. దిగుడు రాకముందే చిన్న గేరులోకి మారాలి. దిగుడులో గేరు మార్చబోవద్దు. డీజిల్ కలిసివస్తుందని న్యూట్రలులో వదలడం ప్రాణంతో జూదమాడడమే. డ్రాబారు మీద, మడ్గార్డు మీద, సరుకు మీద మనుషులను ఎక్కించవద్దు. ఇంటికి పోయే కూలీలని, బడి పిల్లలని మొహమాటపడవద్దు. చీకటిపడితే తొట్టి వెనుక ఎర్రదీపం, ఎర్రగా మెరిసే పలకలు తప్పక ఉండాలి. అనకాపల్లి నుంచి విశాఖకు పోయే జాతీయ రహదారి మీద లారీ వేగానికి, మన తొట్టి వేగానికి పొంతన లేదు. వెనుకవాడికి మనం ముందుగా కనిపించాలి.

చట్టం కూడా ఈ మాటే అంటున్నది. తొట్టికి కూడా రిజిస్ట్రేషను ఉండాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం హద్దు మించి బరువు వేస్తే 20,000 రూపాయల జరిమానా. దానిపైన, ఎక్కువైన ప్రతి టన్నుకూ 2,000 రూపాయలు. ఎక్కువైన సరుకు దించిన తరువాతనే బండి కదలాలి. ఆ ఖర్చు లేకపోయినా అధిక బరువుకు మనం కట్టే కప్పం ఉండనే ఉన్నది. క్లచ్చు ప్లేట్లు, బ్రేకు లైనర్లు, టైర్లు, ఇరుసు ముందుగానే అరిగిపోతాయి. "రెండోసారి తిరగడానికి డీజిల్ దండగ" అని ఒక్క విడతలో వేసినవారు, ఆ మిగిలిన డబ్బును మెకానిక్కు చేతిలో పోస్తున్నారు. ఘాటు దారులలో దిగవలసిన పెద్ద సరుకుకు నలుగురు రైతులు కలిసి లారీ మాట్లాడుకోవడం మంచిది. లారీకి అన్ని చక్రాలకూ బ్రేకులున్నాయి.

గ్రామాలలో పనిచేసే సోదరులకు ఒక మనవి. ఉపన్యాసం కన్నా తూకం ఎక్కువ చెబుతుంది. పంట కోతలకు ముందు ఒక రోజు నిర్ణయించి, ఊళ్ళో ఉన్న ట్రాక్టర్లను, తొట్లను దగ్గరలోని కాటా దగ్గరకు రప్పించండి. బరువులు వ్రాయండి, పిన్నులు చూడండి, పెడళ్ళు కలిపించి చూడండి. వాన పడని రోజున, మనుషులు లేని సమనేల మీద, ఖాళీ తొట్టితో ఒకసారి, సగం సరుకుతో ఒకసారి బ్రేకు వేయించి ఆగిన దూరాన్ని అడుగులతో కొలిపించండి. ఆ రెండు దూరాలకూ తేడా చూసిన డ్రైవరుకు మీరు మళ్ళీ చెప్పనక్కరలేదు.

చెప్పినదంతా క్లుప్తంగా మళ్ళీ చెబుతాను. ఇంజను శక్తిని బట్టి కాక ట్రాక్టరు బరువును బట్టి తొట్టి కట్టండి. బ్రేకు లేని తొట్టి, సరుకుతో కలిపి, ట్రాక్టరుకు ఒకటిన్నర రెట్లు మించనివ్వకండి. మించాలంటే తొట్టికి బ్రేకు పెట్టించండి. కంటిని నమ్మక కాటాను నమ్మండి. సరుకు కొంచెం ముందుకు మొగ్గేటట్లు సర్దండి. దిగుడుకు ముందే చిన్న గేరు వెయ్యండి. ఎక్కించగలిగినంత కాదు, దించగలిగినంతే మీ ట్రాక్టరు మొయ్యగల బరువు.

సరుకు రెండు విడతలుగా మార్కెట్టు చేరినా ధర చెడదు. తోలినవాడు క్షేమంగా ఇల్లు చేరాలి.